గౌరి కాల్షియం

జర ఆగుండ్రి సారూ, గా కాయితం మీద అప్పుడే ఏం రాయకుండ్రి. మా ఆయన చెప్పింది విన్నరు గదా, నాది గూడ వినుండ్రి. ఆయన మీ దవాఖాన బయట ట్రాలీ ఆటో మాట్లాడుతుండు, రేపు బర్రెను అంగడికి తోలుకపోయి అమ్మాలె గదా. ఆయన లోపటికి వచ్చే లోపల చెప్పేస్త.

ఎవరంటరా? లక్ష్మీరాజం భార్యను. మీ బుక్కుల ఆయన పేరుంటది, దాని కింద బర్రె చెవి నంబరుంటది. వాళ్లిద్దరి నడుమ పాలు పిండేటిదాన్ని నేను.

దుబాయి నుంచి వచ్చినంక ఆయన కరీంనగర్‌ల మూడు రోజులు ట్రైనింగుకు పోయిండు. ఒక్క బర్రె ఉన్న ఇల్లు గూడ ఎట్ల బాగుపడాలె, పాలెట్ల పెంచుకోవాలె అని చెప్పిండ్రట. తెల్లారి నుంచి మా బర్రె గౌరికి రాజభోగమే. కొట్టంల ఫ్యాను. కాళ్ల కింద రబ్బరు పరుపు. పొద్దున, మాపున కాల్షియం. దాని మనసు నొస్తదని నన్ను గట్టిగ మాట్లాడొద్దన్నడు.

వాళ్లు తప్పేం చెప్పలే సారూ. ఈనే ముందు బర్రెకు రెండు నెలలు రెస్టు ఇయ్యాలెనట. మా సృజనను కనే రోజు నేను గడ్డిమోపు దించి దవాఖానకు పోయిన. గా ట్రైనింగు అప్పుడు లేకపాయె, ఏం చేస్తం.

మీరు పశువుల డాక్టరని తెలుసు, నా మోకాళ్ల ముచ్చట మీకెందుకు? ఉన్నది, వినుండ్రి. ఒంట్ల కాల్షియం లేదమ్మా, రోజు రెండు గ్లాసుల పాలు తాగు అన్నది మనుషుల దవాఖాన మేడం. నాకు నవ్వొచ్చింది. నేను పిండిన పాలన్ని పాలకేంద్రానికి పోతయి. ఇంట్ల మిగిలేటియి చాయల రంగు మారేటందుకే.

ఇగ అసలు సంగతి. నెల రోజుల సంది కాల్షియం క్యాన్ దిగుతుంది, పాలు పెరుగుతలేవు. పోసేది నేనే, ఆయన రోజు క్యాన్ మీద పెన్నుతోని గీత కొడుతడు. గీత కిందికి పోతుంది, పాలు ఎక్కడియక్కడ్నే ఉన్నయి. పెట్టింది ఒంటికి పట్టని బర్రె అని తేల్చిండు. మీతోని గదే రాయించి, నాకు చూపించి అమ్మేస్తనన్నడు.

గౌరిని మా అవ్వ ఇచ్చింది సారూ, ఇంతంత దుడ్డెగ ఉన్నప్పుడు. నా చెయ్యి తగిలితేనే పాలు చేపుతది. ఆ ఇంట్ల నాది అనేటందుకు గదొక్కటే ఉన్నది.

క్యాన్ తాగింది నేను.

గట్ల చూడకుండ్రి. మొదలు వేలికంటింది నాకిన, తియ్యగున్నది. తర్వాత క్యాన్ మూతతోని కొలుసుకున్న. దాని డోసే, ఎక్కువ తాగలే. పగటిపూట గా ఫ్యాను కింద, గా పరుపు మీద దాని పక్కన్నే ఒరుగుతున్న. ట్రైనింగుల చెప్పింది నిజమే సారూ. మోకాళ్లు నొస్తలేవు, మనసు నిమ్మలంగున్నది. పెట్టింది ఒంటికి పట్టింది, బర్రె ఒంటికి కాదు, అంతే.

ఇప్పుడు రాయుండ్రి. బర్రె మంచిదే, డోసు సాల్తలేదు, రెండింతలు పొయ్యాలె అని రాయుండ్రి. ఇద్దరికి సరిపోతది.

రాయరా? ఉన్నదున్నట్టు ఆయనకు చెప్తరా?

చెప్పుండ్రి. తాగినదాన్నే అంగడికి తోలుకపొమ్మనుండ్రి, ట్రాలీ ఎట్లాగు మాట్లాడనే మాట్లాడిండు. అంగట్ల బర్రె నోరు తెరిచి పండ్లు చూసి కొంటరు గదా. నాకు అన్ని ఉన్నయి.