అన్నకొక కన్ను, తమ్ముడికొక కన్ను

ఊరి పెద్దగారికి, పాస్టరు గారికి, రాజధాని సువా నుంచి వచ్చిన డాక్టర్లకు, నది అవతలి ఊళ్ళ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు వందనాలు.

నేను పడవ నడిపేవాణ్ణి. మైకు పట్టుకోవడం ఇదే మొదలు. మన కంటి నర్సు, సిస్టర్ వాసిటి, పోయిన మంగళవారం మనల్ని విడిచి వెళ్ళిపోయింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా నేనెందుకు మాట్లాడాలని పాస్టరు గారిని అడిగాను. “ఆమె పరిశోధన చెడగొట్టినవాడివి నువ్వే కదా, నీకే బాగా తెలుసు” అన్నారు. నిజమే. చెడగొట్టింది నేనే. అయితే నేనొక్కణ్ణే కాదు. ముందు వరసలో కొందరు అప్పుడే తల దించుకున్నారు, నాకు కనబడుతోంది.

ఆమె మన ఊరికి తొమ్మిదేళ్ళ కిందట నా పడవలోనే వచ్చింది. గ్లకోమా అనే జబ్బు గురించి అప్పటిదాకా మనం విన్నామా? కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ చప్పుడూ లేకుండా చూపు తినేసే జబ్బు. దానికి హెల్త్ సెంటర్లో ఏళ్ళ తరబడి ఇస్తున్న పాత చుక్కల మందుంది. కొత్తది ఒకటి వచ్చింది. రెండింటిలో ఏది మేలో తేల్చడం ఆమె పని. మన మర్యాద ప్రకారం ఊరి పెద్దగారి ముందు కానుకగా యంగోనా వేళ్ళ కట్ట పెట్టి, చాప మీద కూర్చుని ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది. “మీ సీసాలో ఏ మందుందో మీకు తెలీదు, నాకూ తెలీదు. తెలిస్తే నాకు ఇష్టమైనవాళ్ళకి మంచిది ఇచ్చేస్తానేమోనని నాకూ చెప్పలేదు.” నవ్వాం. ఇలా నిజం చెప్పి మందిచ్చేవాళ్ళని అంతకుముందు చూశామా?

చుక్క వేసుకోవడం కూడా ఆమే నేర్పింది. చుక్క పడ్డాక కళ్ళు మూసుకోవాలి. ముక్కు పక్కన కంటి మూల వేలితో నొక్కి పట్టుకోవాలి. రెండు నిమిషాలు. మనం పది అంకెలు లెక్కపెట్టి లేచిపోతే “కూర్చోండి, చేపలేం పారిపోవు” అని కేకలేసేది.

ఇక నా తప్పు చెబుతాను. మా అన్నయ్య సమిసోనికీ అదే జబ్బు. ఇంతకుముందు కంటి ఆపరేషన్ అయిందని ఆయన్ని పరిశోధనలో చేర్చుకోలేదు, హెల్త్ సెంటర్ మందు వాడమన్నారు. ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏరా, నీకు సువా మందు, నాకు ఈ ముసలి మందూనా?” అన్నాడు. అడిగితే లేదనడం మన దగ్గర ఉందా? అందులోనూ అడిగింది అన్నయ్య! ఉన్నది ఒక్క సీసా. పంచుకున్నాం. నా కుడి కంటికొక చుక్క, అన్నయ్య ఎడమ కంటికొక చుక్క. ఎంత న్యాయంగా పంచుకున్నామో అని మురిసిపోయాం కూడా.

ఏడాది దాటింది. సిస్టర్ నా కళ్ళలో ఒత్తిడి చూసి, కాగితం చూసి, మళ్ళీ నా కళ్ళు చూసింది. “ఏమయ్యా అపెనిసా, నీ రెండు కళ్ళూ ఒక ఊళ్ళోనే ఉంటున్నాయా?” అంది. ఎడమది మొండిదమ్మా అన్నాను. అబద్ధం. ఆమె నవ్వలేదు. “ఆ కంటి పక్క చూపు కొంత పోయింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది పోకుండా చూద్దాం, నిజం చెప్పు” అంది. అక్కడే ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. నలభై మందిలో పదిహేడు మందిది అదే కథ అని తేలింది. వదినకొక కన్ను, మేనమామకొక కన్ను!

సోదరులారా, అప్పుడామె ఏం చేయాలి? మందు పడ్డ కళ్ళు మాత్రం లెక్కలోకి తీసుకుని మిగతావి వదిలేద్దామన్నవాళ్ళున్నారట. “వదిలేసిన కన్ను ఎవరి మొహం మీదుందో నాకు తెలుసు” అందట ఆమె. జరిగింది జరిగినట్టు రాసి పైకి పంపింది. పద్నాలుగు నెలల పని పక్కన పెట్టేశారు.

మమ్మల్ని తిడుతుందనుకున్నాం. మళ్ళీ యంగోనా కట్ట పట్టుకుని వచ్చింది, క్షమాపణ అడగడానికి! “ఇచ్చిపుచ్చుకోకుండా ఉండలేని ఊరికి వచ్చి మనిషికొక సీసా పంచాను. బుద్ధి లేనిది నాకే” అంది. ఈసారి మన ఊరందరికీ ఒకటే మందు, అవతలి ఊరందరికీ రెండోది. ఆపరేషన్ అయినవాళ్ళు కూడా రావచ్చని అన్నయ్యనూ చేర్చుకున్నారు. ఇక ఎవరిని ఎవరు అడగాలి?

రెండేళ్ళ తర్వాత ఫలితం వచ్చింది. రెండు మందులూ ఒకేలా పనిచేశాయి. మన మొహాలు ఎలా వాడిపోయాయో గుర్తుందా? ఆమె మాత్రం సంతోషం పట్టలేకపోయింది. “మీ హెల్త్ సెంటర్లో ఉన్నదే చాలు! ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు, రోజూ వేసుకుంటే చాలు!” అంది. అన్నయ్య వంక చూసి, “విన్నావా సమిసోనీ, నీ గూట్లో పడేసిన ముసలి మందు ఇదేనయ్యా” అంది. అన్నయ్య సిగ్గుతో టోపీ మొహం మీదకి లాక్కున్నాడు. ఇవాళా లాక్కుంటున్నాడు, చూడండి.

నా ఎడమ వైపు కొంత మసక. అన్నయ్యకు కుడి వైపు మసక. పడవలో ఆయన ముందు కూర్చుని ఎడమ ఒడ్డు చూస్తాడు, నేను కుడి ఒడ్డు చూస్తాను. అప్పటి నుంచి ఆ చూపు ఇంకేం తగ్గలేదు. నా మనవరాలి మొహం చూశాను. నిన్న సిస్టర్ శవపేటికను నది దాటించింది కూడా ఈ కళ్ళతోనే. అమ్మా, నీ పని పాడుచేసిన నాకు నా చూపు కాపాడి ఇచ్చావు. ఈ రుణం నేను తీర్చుకోలేను.

ఇక అందరూ లేచి నిలబడండి. జబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు, డాక్టర్లు కూడా. కళ్ళు మూసుకోండి. ముక్కు పక్కన కంటి మూల వేలు పెట్టండి, ఆమె నేర్పినట్టే. రెండు నిమిషాలు. పది అంకెలకే తీసేయకండి. ఈసారి కేకలెయ్యడానికి ఆమె లేదు.