పదహారు పట్టని పెట్టె

పెదనాన్న కంప్యూటర్‌లో మదర్‌బోర్డు చచ్చిపోయిందని, వీధిలో అందరి కంప్యూటర్లూ బాగుచేసే కంప్యూటరమ్మ చెప్పింది పచ్చి అబద్ధం. ఈ సంగతి ఆమె ఇంతవరకూ అద్దం ముందు కూడా పైకి అనలేదు. ఆ బోర్డు ఎనిమిది జీబీకి మించి మెమొరీ పట్టదు. అది చూసుకోకుండా పదహారు పెట్టింది, కంప్యూటర్ లేవలేదు, పరువు పోతుందని "బోర్డు పోయింది పెదనాన్నా" అనేసింది. ఇంటికెళ్ళి బోర్డు నంబరు వెతికితే నిజం తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు. ఇళ్ళ ప్లాన్లు గీసి బతికే ఆ మనిషి, "సరేలే, ఇక గీతలు చాలు" అని, ఇవాళ నాలుగింటికి ఆ పెట్టెని పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తున్నాడు.

అలాంటి కంప్యూటరమ్మ టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఏం చేస్తోందయ్యా అంటే, కోతలు కోస్తోంది. తప్పు సెలూన్ బాబాయ్‌దే. "మా షాపు కంప్యూటర్‌కి ఎంత మెమొరీ పడుతుందమ్మా?" అని అడిగి ఊరుకోవచ్చుగా! "అసలు నీకు తెలుసా?" అన్నాడు.

"నాకు తెలుసా అంటావా బాబాయ్? మొన్న ఒకాయన ఇంట్లో, రెండు జీబీతో మూలుగుతున్న పెట్టెకి పదహారు పెట్టాను. పెట్టగానే పీప్ పీప్ పీప్ అని మూడుసార్లు నాకు దణ్ణం పెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందే?" టీ అక్క గ్లాసులు కడగడం ఆపింది.

"రుచి మరిగింది అక్కా! ముప్ఫైరెండు పెట్టాను, మింగింది. అరవైనాలుగు పెట్టాను, త్రేన్చింది. స్లాట్లు చాలక గోడకి కన్నాలు పొడిచి గుచ్చాను. ఇక చూస్కో, మీట నొక్కకముందే ఫైలు తెరుచుకుంటోంది, ఆయన పదేళ్ళ కిందట చెరిపేసిన గీతలన్నీ తిరిగొచ్చేశాయి, వాళ్ళావిడ కత్తెర ఎక్కడ పెట్టి మర్చిపోయిందో అదీ చెప్పింది, పరుపు కింద, ఎడమవైపు అని."

"పరుపు కింద కత్తెర ఎవరు పెడతారే?"

"అందుకేగా మర్చిపోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధి వీధంతా లైను కట్టింది. తాళాలు పోయినవాళ్ళు, పెళ్ళిరోజు మర్చిపోయిన మొగుళ్ళు. ఒకావిడ తన పేరే మర్చిపోయి వస్తే, పేరుతో పాటు చిన్నప్పటి ముద్దుపేరు కూడా చెప్పింది. చివరికి జ్ఞాపకాల బరువుకి టేబుల్ కాళ్ళు నేలలోకి దిగబడి, కింది వాటావాళ్ళు వంటింట్లో తలెత్తి చూస్తే పైనుంచి నాలుగు కాళ్ళు! ఇప్పుడు వాళ్ళు వాటిమీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నారు."

సెలూన్ బాబాయ్‌కి పొలమారింది. బెంచీ చివర, ఎదురు బిల్డింగులో లిఫ్టు నడిపే తాతయ్య మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"మొదట మూడుసార్లు అరిచిందన్నావే, అప్పుడు తెర మీద బొమ్మ వచ్చిందా తల్లీ?"

"అంటే... వెంటనే రాలేదు."

"మా లిఫ్టులో పదిమందే అని రేకు మీద రాసుంటుంది. పదకొండోవాడు ఎక్కితే అదీ అరుస్తుంది, కదలదు. అది దణ్ణం కాదమ్మా, 'దిగరా నాయనా' అని. ఎక్కినవాణ్ణి దింపితే చక్కగా పైకెళ్తుంది. అంతేగానీ లిఫ్టు పోయిందని ఎవరూ దండ వెయ్యరు. నీ పెట్టెలో అలాంటి రేకు లేదా?"

"బోర్డు మీద నంబరుంటుంది. దాన్నిబట్టి తెలుస్తుంది."

"చూశావా?"

బాబాయ్, అక్క ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఇంకో కోత వస్తుందని వాళ్ళ ఆశ. నాలుక మీద మూడు నాలుగు సిద్ధంగానే ఉన్నాయి కూడా.

"తర్వాత చూశాను తాతయ్యా."

"మరి ఆయనకి చెప్పావా?"

కొట్టు గడియారంలో మూడున్నర దాటింది.

"అది మా పెదనాన్నది," అంది కంప్యూటరమ్మ. "నేను మౌసు పట్టుకోవడం నేర్చుకుందే దాని మీద."

ఆమె ఫోన్ తీసింది. తిట్లు ఎలాగూ ఖాయం. ముందు "ఆ పాతసామాన్ల వాడికి ఇవ్వకు పెదనాన్నా" అనాలి, తిట్లు తర్వాత తీరిగ్గా తినొచ్చు.