నాలుగిండ్ల లేవి

ఏంది, మా పాత వీధిలో ఏ జాతోళ్లు ఉండ్రి అంటావా? కూచో, చెప్తా. కర్నూల్లో అది శానా చిన్న వీధిలే, ఒక జట్కా వస్తే ఎదురుగా ఇంగొకటి పట్టదు. మాది మగ్గాల ఇల్లు. పక్కన మస్తాన్‌బీ, ఎదురుగా మరాఠీ దర్జీ పెండ్లాం రుక్మాబాయి, మూలమీద మిషన్ ఆసుపత్రి నర్సమ్మ సంతోషమ్మ. మా యమ్మతో కలిపి ఈ నలుగురాడోళ్ల నడాన పెరిగినోడు లేవి. చంటిపిల్లోడుగా ఉన్నెప్పుడు ఎవురో రైలుటేసన్లో బల్ల మీద వదిలేసి పోతే సంతోషమ్మ ఎత్తుకొచ్చిందంట. రాగి ఎంటికలు, పిల్లి కండ్లు. 'దొరల బిడ్డరా' అనె మా నాయన. 'కాదప్పా, ఇంగువ అమ్మే కాబూలోళ్ల బిడ్డ' అనె దర్జీ. ఎవుడైతేనేం! పేరు సంతోషమ్మ పెట్టె, పాలు మస్తాన్‌బీ ఇచ్చె, నడక రుక్మాబాయి నేర్పె, దెబ్బలు మా యమ్మ గంగాదేవి ఏసె. పెద్దయినాక జట్కా తోలుతా, పూటకొక ఇంట్లో తింటాండె. అబ్బా, ఆ మనిషి సంగటి తినేది చూస్తే ఎద్దు గూడా సిగ్గుపడాల.

ఆఁ, యాడుంటి? ముప్పై ఒకటిలో జనం లెక్క వచ్చె. రాసుకునేకి మిషన్ బడి అయివారు జ్ఞానరాజు వచ్చె, ఎవురేం చెప్పినా తలూపే మనిషి. 'లేవి హమారా బచ్చా, ముసల్మాన్ రాయి మాస్టరూ' అనె మస్తాన్‌బీ. రాసె. 'ఆమ్చా లేవి, మరాఠీ అని రాయండి' అనె రుక్మాబాయి. రాసె. 'మా పెద్దకొడుకు, మాది మగ్గం నేసే తొగట కులం' అనె మా యమ్మ. అదీ రాసె. సంతోషమ్మ కిరస్తానమని రాపిచ్చె.

కచేరీలో తాసిల్దారు చూస్తే ఒకే వీధిలో నలుగురు లేవీలు, నలుగురూ జట్కా తోలేటోళ్లే! అయివార్ని ఎంటబెట్టుకోని కోపంగా వచ్చె, అదీ లేవి జట్కాలోనే. 'పిలవండి ఆ నలుగుర్నీ!' అని అరిస్తే లేవి కళ్లెం వదిలి ముందరికొచ్చి నిలబడె.

'తక్కిన ముగ్గురేరి?'

'అందురూ నేనే సామీ.'

'ఏమయ్యా అయివారూ, దొంగలెక్క రాస్తావా? నీ ఉద్యోగం ఊడబీకిస్తా!'

ఆరుగురు బిడ్డల తండ్రి, జ్ఞానరాజు చేతులెత్తి మొక్కె. తాసిల్దారు లేవి కల్లా తిరిగి, 'నీది ఏ జాతిరా? ఒకటే చెప్పాల' అనె. లేవి చూస్తే నాలుగు గడపల్లో నలుగురమ్మలూ నిలబడుండారు. ఒకటి చెప్తే ముగ్గురు ఏడుస్తారు, చెప్పకుంటే అయివారి కూడు పోతాది. తల గోక్కుని, గోక్కుని, 'సామీ, మీదేందో అదే రాసుకోండి. మీ ఇంట్లో ఒకటే నేనింకా తినలే' అనె.

తాసిల్దారు నవ్వె సూడు, పొట్ట పట్టుకోని! నాలుగూ కొట్టేసి, ఒకేపారి 'జాతి తెలీదు' అని రాసి, అయివార్ని వదిలేసి పాయె.

అయిపాయె అనుకుంటివా? యాడిది! నలుగురమ్మలకూ రోసమొచ్చె. 'తెలీకపోయేదేందిరా, పాలిచ్చింది నేనుండంగా? పో, తాసిల్దారింట్లోనే తినుపో!' అనె మస్తాన్‌బీ. మూడు దినాలు ఏ ఇంట్లోనూ కూడు పెట్టలే. లేవి గుర్రం పక్కన కూచోని, దాని ఉలవలే తింటా ఏడ్సె. నాలుగో దినం మా యమ్మ మనసాగక సంగటి ఎత్తుకోని పోతే, ముగ్గురూ అప్పటికే ఆడుండ్రి, గిన్నెలు పట్టుకోని. లేవి నాలుగు గిన్నెలూ ఊడ్చె.

నలభై నాలుగులో లేవి చలిజరమొచ్చి పాయెలే. నాలుగిండ్ల మొగోళ్లూ నాలుగు పక్కలా పాడె ఎత్తుకుండ్రి. వీధి చివరికొచ్చినాక కాటికా, గోరీలకా, మిషన్ సమాధులకా, యాడికి తిరగాల్నో ఎవురికీ తెలీలే. మా నాయన ఎడమకు లాగె, దర్జీ కుడికి లాగె, అట్లే భుజాల మీద పెట్టుకోని నిలబడిరి, శానాసేపు...

యాడ పెట్టిరి అంటావా?

అది అడగాకు. ఆ నీళ్ల చెంబు ఇట్లియ్యప్పా.