కార్డు మీద కుంకుమ

ఆగండి, ఎక్కడివాళ్లక్కడే ఆగి ఒక్క పది నిమిషాలు వినండి. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, దసరా పోయి నెల. హాలియాలో హెడ్మాస్టరు గుర్వయ్య ఇల్లు. ముందర అర్రలో, అంటే ముందుగదిలో, కంప్యూటరు, దాన్ని ఆనుకుని ఆయన తల్లి సుక్కమ్మ మంచం. కంప్యూటర్లు బాగుచేసే మక్సూద్ ఇప్పుడే సంచి దించాడు. చూడటానికి ఏమీ లేదు, తెర నల్లగా ఉంది. వినడమే.

“బీప్ ఎట్ల కొడ్తాంది సార్?”

“నన్నడుగుతవేందిరా మక్సూద్, నువ్వే విను. ఇగో, నొక్కుతున్న.”

“ష్... ఒకటి పొడుగు, రెండు పొట్టి. మల్లొకపారి నొక్కండి. గదే! పొడుగొకటి, పొట్టి రెండు. తప్పు మానిటర్‌ది గాదు సార్. డిస్‌ప్లే కార్డుది.”

“బొమ్మ రానిది మానిటర్‌ల. తప్పు దానిది గాదంటవ్?”

“మానిటర్ ఉత్త అద్దం సార్. బొమ్మ గీసేది లోపల కార్డు. అది గీయకుంటే ఇదేం చూపిస్తది? లైటు చూడండి, పచ్చగ గాలే, ఆరెంజ్‌లనే ఆగింది. నాకేం వస్తలేదు, నేనేం చెయ్యాలె అంటాంది పాపం.”

“నా బడిల తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు గిన్ని మాటలు లేవు నీకు.”

“హైదరాబాద్‌ల నేర్చుకొచ్చిన సార్, మాటలు పని రెండూ. ఒక్కపారే నల్లగైందా? ముందుగాల ఏమన్న అయిందా?”

“వారం సంది గీతలు. అక్షరాల మీద చుక్కలు చుక్కలు, ఆవాలు చల్లినట్టు. నిన్న మావోడు గేమ్ ఆడుతాంటే బిగుసుకుపోయింది. అంతే, ఇగ లేవలే.”

“గీతలు, చుక్కలు, బిగుసుకునుడు... ఇది వేడెక్కిన లెక్కనే ఉంది సార్.”

“వేడో గీడో. మూత తియ్యకముందే పాఠం చెప్పకు. తియ్యి.”

“తీస్తున్న, తీస్తున్న. అరె, ఇస్క్రూలు గింత ఒదులుగున్నయేంది?”

“నువ్వే ఒదులుగ పెట్టి పోయినవేమో.”

“నేను గట్టిగ బిగించిపోయిన సార్.”

“బిగించినవో, ఏం మర్చిపోయినవో. తియ్యి.”

“తీసిన. కార్డు గుంజుతున్న... అరె! గిదేంది సార్? ఎర్రగ?”

“ఏది?”

“కార్డు అంచుకు. బంగారు రంగు పిన్నులున్నయి గద, బోర్డుల దిగేటియి, వాటి మీద. కుంకుమ లెక్కనే ఉంది!”

“లెక్క ఉందా, కుంకుమనా?”

“కుంకుమనే.”

“గట్టిగ చెప్పు, ఇనవడాలె. అమ్మా! ఓ అమ్మా! గిటు రా!”

“ఈడనే ఉన్న గద కొడుకా, నీ ఎనుక మంచంల. ఇంకెటు రావాలె?”

“లేచి నిలబడు. నేనడిగినదానికే జవాబు చెప్పు. దసరాకు దీనికి బొట్టు పెట్టినవా, లేదా?”

“పెట్టిన. గొర్రెబొచ్చు కత్తెరకు పెట్టిన, కొడవలికి పెట్టిన, నీ బండికి పెట్టిన, దీనికి పెట్టిన. పనిముట్టు గాదా మరి?”

“ఇన్నవా మక్సూద్? ఒప్పుకుంది.”

“పైన పెట్టిన కొడుకా. డబ్బ మూత మీద మూడు బొట్లు. లోపలి సంగతి నాకేం ఎర్క?”

“పైన పెడితే లోపలికెట్ల పోయింది? నడుసుకుంట పోయిందా? నీ లెక్క కుంటుకుంట?”

“సార్, అవ్వను గట్ల...”

“నువ్వు పని చూసుకో. అమ్మా, టీవీని తడిబట్టతోని తుడిచి కాల్చింది ఎవరు?”

“నేనే.”

“గట్టిగ.”

“నేనే కొడుకా.”

“మిక్సీ?”

“గదీ నేనే. పప్పు...”

“పప్పు సంగతి అడగలే. మొన్న రామన్నపేట అంజన్న మామ వచ్చిన నాడు నీకేం చెప్పిన నేను?”

“ఇంకొక్క సామాను ఖరాబైతే మన ఊరు మర్రిగూడకు పోవాలె అన్నవ్.”

“నువ్వేమన్నవ్? మీ తమ్ముని ముందర?”

“సరే అన్న.”

“బస్. నేను ఎల్లగొడ్తలేను. నీ మాట మీదనే నువ్వు పోతున్నవ్. నాలుగింటికి జీపు చెప్పిన. మూట కట్టుకుని ఉండు.”

“జీపు ముందే చెప్పిన్రా సార్? నేను ఇప్పుడే గద మూత తీసింది.”

“చెప్తే ఏమైతది? ఖరాబైందని నిన్ననే ఎరుక. నువ్వు పని చూసుకో అన్న గద.”

“మర్రిగూడల ఎవరున్నరు అవ్వ నీకు?”

“ఎవరున్నరు బిడ్డా? గుడిసె ఉంది, బోరింగుంది. ఆ బోరింగు ఫ్లోరైడు నీళ్లకే గద గిట్లయింది. సూడు నా చేతి ఏళ్లు. మడవనీకి రాదు, సాపనీకి రాదు. నడుమైతే ఇగ చెప్పరాదు. ఆ నీళ్లు ఇంక తాగితే మంచంల నుంచి లేవవు అన్నడు దవాఖానల డాక్టరు. గీడికొచ్చి రెండేండ్లాయె. ఈడ కాలువ నీళ్లు, ఎంత తియ్యగుంటయో! మొన్నటి సంది నా తల నేనే దువ్వుకుంటున్న, తెలుసా?”

“తల దువ్వే చేతులకు కుంకుమ పెట్టుడు కష్టమా?”

“కొడుకా, ఆ పిలగాన్ని సక్కగ చూడనియ్యి. డబ్బ డాక్టరు గద ఆయన. నాది గాకపోవచ్చు.”

“చూస్తడు. నువ్వు పోయి వానికి నీళ్లు తే.”

“తెస్త. జర టైం పడ్తది బిడ్డా, ఏమనుకోకు.”

“నేనే పోయి తాగుత అవ్వ, నువ్వు కూసో.”

“పోనియ్యిరా. పోయిందా? ఆఁ. ఇగ చెప్పు.”

“రబ్బరుందా సార్? పెన్సిల్ తుడిచేది.”

“హెడ్మాస్టరింట్ల రబ్బరుండదా? ఇగో. దీంతోనేం చేస్తవ్?”

“పిన్నుల మీద రుద్దుత. మా షాపుల అందరం ముందుగాల గదే చేస్తం. కిలుం పట్టినా, మురికి పట్టినా రబ్బరుకు పోతది. సగం కార్డులు గింతకే లేస్తయి సార్, అల్లా దయతోని ఇదీ లేస్తది, అవ్వ ఈడనే ఉంటది... ఇగో మెరిసింది. పెట్టిన. టక్కుమన్నది, మంచిగ దిగింది. నొక్కండి.”

“పొడుగొకటి.”

“పొట్టి రెండు. మల్ల గదే! అంటే కుంకుమ గాదు సార్! కుంకుమ పోయింది, రోగం పోలే!”

“మెల్లగ మాట్లాడు.”

“ఒక్క నిమిషం. నా సంచిల పాత కార్డొకటుంది. గేమ్‌లకు పనికి రాదు గని బొమ్మ వస్తది. పెట్టిన. నొక్కండి, నొక్కండి... ఒక్కటే బీప్! పచ్చ లైటు! వచ్చింది సార్, బొమ్మ వచ్చింది!”

“ఒర్రకు.”

“ఖుషీ గద సార్! బోర్డు మంచిగుంది, మానిటర్ మంచిగుంది. కార్డొక్కటే కాలింది. వాసన చూడండి. చిప్పు పక్కన చూడండి, ఎట్ల నల్లగైందో. మీది పెద్ద కార్డు, దీనికి వేడెక్కువ. అందుకే దీని మీద చిన్న ఫ్యాన్ ఉంటది. అది తిరుగుతనే ఉండాలె. తిరగకపోతే...”

“ఊఁ. తిరగకపోతే ఏమైతది? ఆగినవేంది?”

“ఫ్యాన్ వైరు ఊడి ఉంది సార్.”

“ఊడిందా? పెట్టలేదా? దసరా ముందటి రోజు దుమ్ము ఊదనీకి ఎవరొచ్చిండ్రు?”

“నేనే సార్.”

“ఫ్యాన్ ఎవరు విప్పిండ్రు?”

“నేనే. విప్పిన, ఊదిన, బిగించిన. వైరు... వైరు పెట్టుడు మర్చిపోయిన. అల్లా కసం సార్, కావాల్నని గాదు! కొత్త కార్డు నేనే తెచ్చి ఏస్త. అవ్వకు చెప్పుత, తప్పు నాదని. జీపు వాపస్ పంపండి.”

“కూసో.”

“అవ్వ పరేషాన్ ఐతాంది సార్, చెప్పొస్త...”

“కూసో అన్న. ఆ వైరు సంగతి నాకు పొద్దుగాలనే ఎర్క.”

“పొద్దుగాలనా? మూత నేను ఇప్పుడే గద...”

“ఇస్క్రూలు ఒదులుగున్నయని నువ్వే అన్నవ్.”

“మీరు తీసిన్రా?”

“కార్డుతోని వచ్చిన పుస్తకంల బొమ్మ ఉంది. ఏ వైరు యాడ పెట్టాల్నో ఐదో తరగతి పిలగాడు గూడ చెప్తడు.”

“సార్. మూత మీది మూడు బొట్లు ఎండి పొడి రాలుతాంది. దసరాయి. కార్డు మీది కుంకుమ నా ఏలుకు తడిగ అంటింది.”

“హుషారైనవ్.”

“అవ్వ ఏళ్లకు ఇస్క్రూ తిరగదు సార్.”

“తిరగదు. నా ఏళ్లకు తిరుగుతది.”

“యా అల్లా. కన్నతల్లి సార్!”

“ఆ మంచం చూడు. అర్ర సగం అదే. అది లేస్తే ఇంకో మూడు కంప్యూటర్లు పడ్తయి. జనవరి ఒకటికి సెంటర్ తెరుస్త, రెండు వేల సంవత్సరం, హాలియాల మొదటిది. బోర్డు రాయిపిచ్చిన. నేర్పెటోడు గావాలె నాకు. ఆమె మంచం జాగల నీ కుర్చీ ఏస్త.”

“నాకొద్దు.”

“ఒద్దా? మంచిది. వైరు సంగతి బజారంత చెప్పుత. మక్సూద్ దగ్గరికి పంపితే కాల్చి పంపుతడు అంట. హెడ్మాస్టరు చెప్తే నమ్మరా? మల్ల మీ అబ్బ చోటే మియా మిషను పక్కన కూసోని అంగీలకు కాజాలు కుట్టుకుంట బతుకు.”

“పొమ్మంటే పోతది గద సార్ అవ్వ. గింత నాటకమెందుకు?”

“పొమ్మంటే పోతది. అంజన్న మామ ఊకుంటడా? కులపోళ్లు ఊకుంటరా? బడిల పిల్లలకు నీతులు చెప్పెటోడు తల్లిని ఎల్లగొట్టిండంటరు. అదే ఆమె నోటితోని, తప్పు నాది, నేనే పోతున్న అంటే? ఎవడేమంటడు?”

“ఆ నీళ్లకు చచ్చిపోతది సార్.”

“నీళ్లకు ఒక్కపారే ఎవ్వరు చావరు. మెల్లగ... ష్, వస్తాంది. గుర్తుంచుకో, నా మాట నమ్మదు ఆమె. నీ మాట నమ్ముతది.”

“ఇగో బిడ్డా. చెంబు నిండ ముంచిన గని ఏళ్లకు పట్టు దొరకక సగం ఒలికినయి. తాగు. కాలువ నీళ్లు.”

“గాడ పెట్టు అవ్వ.”

“తాగరాదా బిడ్డా? మొఖం గట్లయిందేంది? ఓ... ఓ కొడుకా! బొమ్మ! బొమ్మ వచ్చింది గద! అయితే కాలలే! నా కుంకుమతోని ఏం కాలే!”

“అది వాని సంచిల కార్డమ్మా. మనది కాలింది. ఎందుకు కాలిందో నన్నడగకు. నీ డబ్బ డాక్టరునే అడుగు.”

“చెప్పు బిడ్డా. నాకు ఈ నడుమ సోయి ఉంటలేదు. టీవీ కాడ గట్లనే ఐంది, మిక్సీ కాడ గట్లనే ఐంది. లోపల గూడ పెట్టి మర్చిపోయిన్నా?”

“అవ్వ... అది...”

“జీపు హారన్ కొడ్తాండు మక్సూద్. జల్ది చెప్పు.”

“కుంకుమనే అవ్వ.”

“నాదేనా?”

“నీదే.”

“గట్లనా... అయితే నా కొడుకు తప్పేం లేదు. ఊకె వాన్ని మనసుల తిట్టుకుంటి.”

“అంజన్న మామకు ఫోన్ కలుపుత. గిదే మాట నీ నోటితోని చెప్పమ్మా. కండ్లు తుడుచుకోని, సక్కగ చెప్పు.”

“చెప్పుత కొడుకా. జర ఆగు. బిడ్డా మక్సూద్, నువ్వన్న నిజం చెప్పినవ్, సల్లగుండు. గీ సీసల నీళ్లు పట్టియ్యవా? ఈ ఒక్క పొద్దుకన్న కాలువ నీళ్లే తాగుత. నేనే పట్టుకుందునయ్యా. నా ఏళ్లకు గింత సీస మూత గూడ తిరగదు.”

సీసా ఇంకా చాపిన చేతిలోనే ఉంది. మీరైతే ఆ మూత తిప్పుతారా, నోరు తెరుస్తారా?