ఫైయాల్ పిట్ట

కరొలైన్ దీవుల నడుమ సముద్రం, ఎండ నడినెత్తి మీద. తెరచాప పడవలో ముగ్గురే: చుక్కాని పట్టిన రాప్వి, అడుగున చేరిన నీళ్ళు తోడిపోస్తున్న అతని భార్య లెమాల్, తెరచాప నీడలో పడుకున్న అతని చూపులేని తల్లి ఇలూర్.

"ఇంకా రాలేదేం నాన్నా, ఫైయాల్ దీవి?"

"వచ్చేస్తున్నామమ్మా. పడుకో."

"వచ్చేస్తున్నామంటావేమిట్రా? పడవ ఉన్నచోటే ఉంటుంది, దీవే నడిచొస్తుంది. మీ తాత దగ్గర పడవ నడపడం నేర్చుకున్నది ఇదేనా?"

"సరే, దీవే వస్తోంది. చాలా?"

"పిట్ట కనిపించిందా?"

"ఏ పిట్ట?"

"ఏ పిట్టంటాడు చూడు! దీవికో పిట్ట ఉంటుంది కదరా. ఫైయాల్‌ది తెల్లపిట్ట, ముక్కుతో మాట్లాడినట్టు కూస్తుంది. పడవకి ఎదురొచ్చి తీసుకుపోతుంది."

"ఆ... కనిపించింది. పైనే తిరుగుతోంది."

"మరి కూయదేం?"

"గాలమ్మా. గాలికి వినబడట్లేదు."

"లెమాల్, నువ్వూ చూశావా?"

"చూశానత్తా... తెల్లగానే ఉంది."

"పోనీలే. నేను అక్కడ పుట్టినప్పుడు నా బొడ్డుతాడు పాతి, దానిమీద కొబ్బరిమొక్క వేశారు. ఆ చెట్టు మొదట్లో దింపెయ్యండి. అక్కడే పోతాను. మళ్ళీ పడవెక్కించమని అడగనుగా."

"అలాంటి మాటలనకు. కాస్త కునుకు తియ్యి."

"ఏమయ్యా, అత్త పడుకున్నట్టుంది. దారి తప్పామా?"

"మెల్లిగా లెమాల్. తప్పలేదు. అడుగున పగడపు దిబ్బ కనిపించట్లా? ఫైయాల్ ఇదే."

"ఇదేంటి ఇదే! మోకాలిలోతు నీళ్ళు, కాస్త ఇసుక. ఒక్క చెట్టు లేదు!"

"మొన్నటి తుఫాను ఊడ్చుకుపోయింది."

"అత్తకేం చెప్తాం?"

"నన్నడిగితే? నాకేం తెలుసు?"

"మా అన్న పెద్దదీవికి రమ్మన్నప్పుడే పోదామన్నాను. అక్కడ కొండలున్నాయి. పిల్లలైనా..."

"మళ్ళీ మొదలెట్టకు. పుట్టిన ఊరొదిలి రానన్నాను, రాను. సముద్రం మన గుమ్మం తొక్కిందా?"

"చేమమడి తొక్కింది. దుంపలన్నీ ఉప్పుకి కుళ్ళిపోలా?"

"అదెప్పుడూ ఉండేదే. ఇది విను. పక్కనే ఇంకో దీవుంది. అక్కడ దింపి, ఇదే ఫైయాల్ అందాం. ఏదో ఒక కొబ్బరిచెట్టు కింద కూర్చోబెడదాం. చూపు లేదుగా."

"కన్నతల్లినా మోసం చేసేది?"

"మరేం చెయ్యను? ఈ నీళ్ళలో దింపనా? చెప్పు, దింపమంటావా?"

"నాకు తెలీదు. నాకేం తెలీదు. తిప్పు, ఎటో అటు తిప్పు."

"రాప్వీ, పడవెందుకు తిప్పావు?"

"పడుకోలేదా అమ్మా? తిప్పలేదే."

"ఇందాకటిదాకా అల నా ఎడమ డొక్కకి తగిలేది, ఇప్పుడు కాళ్ళకి తగుల్తోంది. నువ్వు తిప్పకపోతే సముద్రం తిరిగిందా?"

"అది... రేవులోకి పోదామని..."

"ఫైయాల్‌కి రేవెక్కడిదిరా?"

"అమ్మా..."

"లెమాల్, వీడు ఏడుస్తున్నాడా?"

"ఇద్దరం ఏడుస్తున్నాం అత్తా. దీవి లేదు. నీ చెట్టూ లేదు. ఏమీ లేదు."

"పిట్ట తిరుగుతోందన్నారు?"

"లేదత్తా. అబద్ధం చెప్పాం."

"అనగానే తెలిసిందిలే. ఆ పిట్ట తుఫాను మర్నాడే వచ్చి మన పెరట్లో సీమపనస మీద వాలింది. ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ పొద్దున్నే ముక్కుతో కూస్తుంది, మీకే వినబడదు."

"అంటే... దీవి పోయిందని ముందే తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి ఇంత దూరం లాక్కొచ్చావా! బొడ్డుతాడన్నావు, చెట్టన్నావు... ఎందుకమ్మా? మమ్మల్ని ఏడిపించడానికా?"

"ఊరొదిలి పోదామని నీ పెళ్ళాం చెప్తే కసురుతావు. నేను చెప్తే నవ్వుతావు. కళ్ళున్నవాడివి, బాగా చూడు నాన్నా. మన ఊరు దీనికన్నా ఎత్తేం కాదు."