పాత కొలత

మానసిక వైద్యుడి గదిలోంచి బయటికి రాగానే దర్జీ తన అక్క మీద విరుచుకుపడ్డాడు.

“డాక్టరు నన్నడిగితే ‘బాగున్నాడు’ అని నువ్వెందుకు చెప్పావక్కా? నా నోరేమైనా పడిపోయిందా?”

“గొంతులు వినపడటం లేదుగా! స్కిజోఫ్రీనియా ఉన్నవాడికి ఇంకేం కావాలిరా?”

“చెయ్యి కావాలి. వణుకుతోంది, సూదిలో దారం ఎక్కట్లేదు. ఇరవై ఏళ్లప్పుడు రాసిన మోతాదే యాభై దాటినా మింగిస్తున్నారు. నేనైతే ఎంత పాత గిరాకీనైనా మళ్లీ టేపు పెట్టి కొలిచాకే గుడ్డ కత్తిరిస్తాను.”

“మందు మానేసి అప్పుడేం చేశావో మర్చిపోయావా?”

“మానేస్తానన్నానా? నాకిప్పుడు ఎంత సరిపోతుందో చూడమంటున్నా.”

“మళ్లీ నేను పెట్టే అన్నంలో విషం ఉందంటావేమోనని భయంరా.”

“నాకు మాత్రం లేదా? అందుకే మళ్లీ లోపలికెళ్తున్నా. ఈసారి నువ్విక్కడే కూర్చో.”