గుళికలో పట్టనంత

బావ తయారుచేసే గుళికలు కొనడానికొచ్చిన డీలర్లు హాల్లో కూర్చున్నారు. అక్క వంటగది తలుపు దగ్గరగా వేసి, ఫార్మసిస్టయిన చెల్లెలి చేతిలో గుళికల డబ్బా పెట్టింది. చెల్లెలు వెనకున్న చిన్నక్షరాలు చదివింది.

“రోజుకి ఒక్కటేనా అక్కా?”

“ఒక్కటే. కీళ్లకి మంచిదని వాళ్లతో ఒక్క ముక్క చెప్పవే. మీ బావ మాట నిలబడుతుంది.”

“అసలు సరుకు పనిచేయాలంటే రోజుకి పదిహేను వందల మిల్లీగ్రాములు పడాలి. ఈ గుళిక మొత్తం బరువే ఐదు వందలు. అందులోనే ఇంకో పదకొండు రకాలు కుక్కారు.”

“కొంచెమైనా ఉంది కదా!”

“ఉంది, పేరు రాసుకోడానికి.”

“మెల్లగా మాట్లాడు. ఇవి వాడాక అమ్మకి నొప్పులు తగ్గాయిగా?”

“నీతో అలా అంటుంది. అల్లుడు చిన్నబుచ్చుకుంటాడని, నా దగ్గర చాటుగా నొప్పి బిళ్లలు తీసుకుంటోంది.”

అక్క తలుపు సందులోంచి హాల్లోకి తొంగి చూసింది.

“నావల్ల కాదక్కా. వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతాను.”

“వెళ్లి ఏం చేస్తావే? ఆ డబ్బా ముందువైపు చూడు.”

తిప్పి చూసింది. తెల్లకోటులో తన ఫోటోయే నవ్వుతోంది. కింద పెద్దక్షరాలు: ‘మా అమ్మకి నేనిచ్చేది ఇదే.’